తుప్పు పట్టిందని తుక్కుకు వేయకండి

సంపాదకులకు నమస్కారం.

పదిహేను రోజుల కింద పని మీద ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాను. వెనక వేపచెట్టు కింద, విరిగిన కుర్చీల పక్కన పాతకాలపు గడ్డి కోసే మిషన్ కనిపించింది. చేత్తో తోసే రకం, కరెంటూ పెట్రోలూ అక్కర్లేదు. నీలం పట్టా కప్పి తాడుతో బిగించారు. ఎత్తి చూస్తే లోపలంతా చెమ్మ, బ్లేడ్ల మీద ఎర్రగా తుప్పు. "పాతదైపోయింది సార్, వేలంలో తుక్కు కింద పోతుంది" అన్నాడు అటెండరు. దాన్ని చెడగొట్టింది వయసు కాదు, ఆ పట్టా.

ఎలా తెలుసంటే, అదే తప్పు నేనూ చేశాను. నేను సముద్రం పక్కనున్న బారువలో ఉంటున్న రిటైర్డు డ్రిల్లు మాస్టారిని. మా ఇంట్లోనూ అలాంటి మిషనే ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది. ముందురోజు సాయంత్రమే మిషన్‌ను వరండాలోకి లాగి, టార్పాలిన్‌తో చుట్టి, గాలి చొరకుండా కట్టాను. గొప్ప జాగ్రత్త తీసుకున్నాననుకున్నాను. తర్వాత పడిపోయిన కొబ్బరిచెట్లు, కరెంటు లేని రాత్రులు, ఎగిరిపోయిన రేకులు... నెలన్నర దాకా దాని మొహం చూడలేదు. విప్పితే చక్రం కదల్లేదు.

మా వీధి చివర కమ్మరి పెద్దాయన చూసి, "ఏటి మాస్టారూ, ఊపిరాడకుండా సేసి సంపేసినారు" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. ఇనుముకు గాలీ తడీ కలిసి తగిలితే తుప్పు. సముద్రం పక్కన ఉప్పు ఆ పనిని ఇంకా తొందర చేస్తుంది. ఉప్పుకి తేమను లాక్కునే గుణం ఉంది కాబట్టి, వాన లేని రోజు కూడా ఇనుము మీద కంటికి కనపడని తడి ఉంటుంది. ఆ ఉప్పును కడక్కుండా పట్టాలో చుట్టేస్తే, పగలు పుట్టిన ఆవిరి బయటికి పోలేక రాత్రికి చుక్కలై మళ్లీ ఇనుము మీదే దిగుతుంది.

బోల్టులు తిరగలేదు. కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకు కదిలాయి. వైర్ బ్రష్షుతో గీకి, ఉప్పుకాగితంతో రుద్దాం (ఉప్పు చేసిన పాపాన్ని ఉప్పుకాగితమే తీర్చింది). హ్యాండిల్‌కీ చక్రాలకీ తుప్పును ఆపే రెడ్ ఆక్సైడ్ పూత కొట్టి, ఆరాక పైన రంగు వేశాం. బ్లేడు అంచుకి మాత్రం రంగు వేయకూడదు, నూనే. చివర్లో పెద్దాయన బ్లేళ్ల మధ్య పాత పేపరు ముక్క పెట్టి తిప్పాడు. కత్తెరతో కోసినట్టు తెగింది. మీ పత్రికే, ఏమీ అనుకోవద్దు.

అప్పట్నుంచి నా అలవాటు ఒకటే. గడ్డి కోయగానే బ్లేళ్లకు అంటుకున్న పచ్చి గడ్డిని పుల్లతో గీకి, కొబ్బరిపీచుతో తోముతాను. మా బోరు నీళ్లు ఉప్పన, అందుకని మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, అరగంట ఎండలో పెడతాను. తర్వాత కొబ్బరినూనె గుడ్డ. చలికాలంలో అది పేరుకుంటుంది, అయినా పొరలాగే అంటి ఉంటుంది. తలనూనె సీసా రోజురోజుకీ ఎందుకు తగ్గిపోతోందో మా ఆవిడకు చాన్నాళ్లు తెలియలేదు. సిమెంటు నేల మీద కాకుండా రెండు చెక్కల మీద నిలబెట్టి, పైన పాత నూలు దుప్పటి కప్పుతాను. దుమ్ము ఆగుతుంది, గాలి ఆడుతుంది. పారలు, కొడవళ్లకూ ఇదే వైద్యం.

పెట్రోలు మిషన్ ఉన్నవాళ్లు వేసవి సెలవులకు మూలన పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేయాలి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. అది తేమను పీల్చుకుంటుంది, రేకు ట్యాంకు లోపలి నుంచే తుప్పు పడుతుంది.

కొత్త మిషన్ కొనడానికి ఫైలు కదిపే అధికారులు, దాంతోపాటు ఒక వైర్ బ్రష్షు, ఒక డబ్బా నూనె, నాలుగు గజాల పాత గుడ్డ కూడా రాయించమని మనవి. వేలం వేసేముందు ఒకసారి ఊళ్లో కమ్మరికి చూపించమని కూడా.

అన్నట్టు, వేపచెట్టు కింది మిషన్‌ను నేనే పాడుకుందామని అడిగాను. విడిగా ఇవ్వరట, కుర్చీలతో కలిపి ఒకే లాటట. ఇరవై మూడు విరిగిన కుర్చీలు నేనేం చేసుకోను?

— ఒక రిటైర్డు డ్రిల్లు మాస్టారు,
బారువ, శ్రీకాకుళం జిల్లా