కుర్చీ కథలో రచయిత పేరేది?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ టీవీ పేజీలో అమెరికన్ హాస్య ధారావాహిక ‘ఫ్రెండ్స్’లోని ఒక ఎపిసోడ్ గురించి వచ్చిన కథనం చదివాను. షూటింగులో జోయీ పాత్రధారి మ్యాట్ లెబ్లాంక్ భుజం జారిన సంగతికే అందులో సగానికి పైగా చోటు దక్కింది. దాన్ని రాసిందెవరో, తీసిందెవరో ఒక్క ముక్క కూడా లేదు. పాతికేళ్లుగా హనుమకొండలో నాటికలు ఆడుతున్నవాణ్ని కాబట్టి ఈ లోటు నన్ను నిజంగా బాధించింది.

అది 1996 సెప్టెంబరు 26న ఎన్‌బీసీలో ప్రసారమైన మూడో సీజన్ రెండో ఎపిసోడ్, ‘ద వన్ వేర్ నో వన్స్ రెడీ’. రచన ఐరా అంగర్‌లైడర్, దర్శకత్వం గెయిల్ మాన్‌కూసో. మ్యూజియం విందులో ప్రసంగించాల్సిన రాస్, మిత్రులందరినీ వెంటబెట్టుకుని వేళకు బయల్దేరాలని మోనికా ఇంటికి వస్తాడు. అక్కడ ఎవరూ తయారై ఉండరు. కథంతా ఆ ఒక్క ఇంట్లోనే నడుస్తుంది. పాత్రలకు గడిచే సమయమూ, మనం చూసే సమయమూ దాదాపు ఒకటే. మన పరిషత్తు నాటికల్లో ఒకే సెట్టు, ఒకే అంకం అంటాం కదా, సరిగ్గా అదే పద్ధతి. ఒకే సెట్టులో తీస్తే ఖర్చు తగ్గుతుందన్న లెక్కతోనే నిర్మాతలు దీన్ని తలపెట్టారు. కానీ తెరమీద ఆ పొదుపు ఎక్కడా కనిపించదు.

మా బృందం మొన్న రిహార్సల్ గదిలో దీన్ని ల్యాప్‌టాప్ మీద ఆపి ఆపి చూసి, ఎవరు ఏ తలుపులోంచి, చేతిలో ఏ వస్తువుతో వస్తున్నారో కాగితం మీద రాసుకుంది. చాండ్లర్ బాత్రూముకి లేవడం, వచ్చేసరికి అతని కుర్చీలో జోయీ కూర్చుని ఉండడం: ఒక్క నిష్క్రమణతో యుద్ధం మొదలైపోయింది. ఆ పెనుగులాటలో హమ్మస్ అనే శనగల ముద్ద ఎగిరి, అందరికంటే ముందు ముస్తాబైన ఫీబీ గౌను మీద పడుతుంది. ఆమె ఆ మరక మీద పెద్ద క్రిస్మస్ రిబ్బను తగిలించుకుంటుంది. తన లోదుస్తులన్నీ చాండ్లర్ దాచేశాడన్న కోపంతో వెళ్లిపోయిన జోయీ, చాండ్లర్ బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, అతని మాటతీరునే అనుకరిస్తూ తిరిగి వస్తాడు. నేరెళ్ళ వేణుమాధవ్ గారి ఊరివాళ్లం కాబట్టి అనుకరణ విలువ మాకు తెలుసు: ఎవరిని అనుకరిస్తున్నారో వాళ్ల మాటతీరు ముందే ప్రేక్షకుడి చెవిలో నిలిచి ఉంటేనే అది పండుతుంది. అలా నిలిపింది రెండు సీజన్ల రాత. అటు మోనికా, విడిపోయిన ప్రియుడు రిచర్డ్ నుంచి వచ్చిన సందేశం పాతదో కొత్తదో తేల్చుకోలేక, ఫోనుతో కుస్తీపట్టి చివరికి అతని ఆన్సరింగ్ మెషీన్ (ఫోను సందేశాలు రికార్డు చేసే యంత్రం)లోని పలకరింపునే చెరిపి తన గొంతు ఎక్కిస్తుంది.

ఇంత సందడి మధ్య రాస్ అందరి ముందూ తన ప్రేయసి రేచల్ మీద అరవగానే నవ్వు చటుక్కున ఆగిపోతుంది. ఆమె ఇంట్లో వేసుకునే బట్టలు తొడుక్కుని వచ్చి, తాను రావడం లేదని చెబుతుంది. ఆమె కోసం రాస్ గ్లాసుడు కొవ్వు తాగడానికి సిద్ధపడినప్పుడే ఆమె మనసు మారుతుంది. హాస్యంలోంచి నొప్పిలోకి, నొప్పిలోంచి మళ్లీ హాస్యంలోకి దృశ్యం మార్చకుండా, దీపం తగ్గించకుండా తీసుకెళ్లడం ఎంత కష్టమో నటించేవాళ్లకు తెలుస్తుంది.

ఇక ప్రమాదం సంగతి. కుర్చీ కోసం పరుగెత్తే ఘట్టంలో లెబ్లాంక్ బల్ల మీదుగా దూకబోయి, కాళ్లు పైకి లేచి పడిపోయారు. జోయీ చేతికి కట్టు కనిపించేది మీ కథనంలో రాసినట్టు ఈ ఎపిసోడ్‌లో కాదు, తర్వాతి ఎపిసోడ్‌లో. అక్కడ మంచం మీద గెంతుతూ పడ్డాడని కథలో కలిపారు. ప్రతి రికార్డింగుకూ ముందు ఆరుగురు ప్రధాన నటులూ దగ్గరగా చేరి ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకునే అలవాటు ఆ ఒక్కరోజే తప్పిందని 2021లో వచ్చిన ‘ఫ్రెండ్స్’ పునస్సమాగమ కార్యక్రమంలో లెబ్లాంక్ చెప్పారు. మూడో బెల్లుకు ముందు రంగస్థలానికి మొక్కుకునే మాకు ఆ మాట గుండెకు తగిలింది.

2001లో జెమిని టీవీలో మొదలైన గుణ్ణం గంగరాజు గారి ‘అమృతం’ కూడా రెండు వాటాల ఇల్లు, ఒక హోటలు ఆధారంగానే ఏళ్ల తరబడి నవ్వించింది. అలాంటి రాత రాయగలవాళ్లు వరంగల్ నాటక బృందాల్లో ఇప్పటికీ ఉన్నారు. 2024లో కాళోజీ కళాక్షేత్రం తెరుచుకున్నాక వేదిక కొరత కూడా కొంత తీరింది. వాళ్ల చేత ఒకే గదిలో జరిగే అరగంట హాస్య నాటికలు రాయించమని మన చానళ్లను మీ పేజీ అడిగితే బాగుంటుంది.

ఇకముందు ఏ ఎపిసోడ్ గురించి రాసినా రచయిత, దర్శకుల పేర్లు తప్పక ఇవ్వండి. ఈ ఎపిసోడ్‌కు మాత్రం ఆ రెండు పేర్లనూ వచ్చే ఆదివారమే సవరణగా ప్రచురించాలని కోరుతున్నాను. ఆ కత్తిరింపును మా రిహార్సల్ గది గోడకు అంటించుకుంటాం.

— ఒక నాటక కళాకారుడు, హనుమకొండ