ఆదివారం చర్చ: ఈ ప్రాంతం ఎవరి వైపు?

సభ్యులందరికీ నమస్కారం. చర్చ ఆదివారం సాయంత్రం 5 గంటలకు.

ముందుగా ఒక లెక్క చూడండి. ఒక ఎన్నికలో పోలింగు 60 శాతం, అందులో గెలిచినవారికి 45 శాతం అనుకుందాం. అంటే మొత్తం ఓటర్లలో వారి వెంట ఉన్నది 27 శాతమే! ఇంట్లో ఉండిపోయిన 40 శాతం ఏ పక్షమో ఎవరు చెప్పగలరు?

ఆస్ట్రేలియాలో 1922లో పోలింగు 60 శాతం లోపే. 1924లో ఓటును తప్పనిసరి చేశాక, 1925లో 91 శాతం దాటింది.

ఒక నియోజకవర్గం గత రెండు ఎన్నికల అంకెలు రాసుకుని రండి: మొత్తం ఓటర్లు, పోలైన ఓట్లు, విజేతకు వచ్చినవి. జాబితాలో చనిపోయినవారి పేర్లు మిగిలి ఉంటే శాతం తగ్గి కనిపిస్తుంది, గమనించండి.

ఎవరికి ఓటేశారో చెప్పనక్కరలేదు.

వచ్చేవారు శనివారం రాత్రిలోగా ఇక్కడే తెలపండి. పోయినసారి వస్తామన్నవారిలో సగం మందే వచ్చారు; మన పోలింగు 50 శాతం!