ముసలివాళ్లకు ఇల్లు అద్దెకివ్వరా?

సంపాదకులకు నమస్కారం.

మహబూబ్‌నగర్‌లో టు-లెట్ బోర్డులకు కొదవలేదు. మెట్టుగడ్డ నుంచి న్యూటౌన్ దాకా ఏ వీధిలో చూసినా గేట్లకు వేలాడుతూనే ఉంటాయి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన నాకు మాత్రం ఇల్లు దొరకడం లేదు. ఈపీఎస్-95 (పీఎఫ్ ఉన్న ఉద్యోగుల పింఛను పథకం) కింద నాకొచ్చే పింఛను మూడు వేల పైచిలుకు. (కనీస పింఛను 2014 నుంచీ వెయ్యి రూపాయలే కాబట్టి, నాకన్నా అన్యాయమైపోయినవాళ్లూ ఉన్నారు.) అబ్బాయి పంపేది కలుపుకుంటే ఐదు వేల దాకా అద్దె కట్టగలం. ఆ డబ్బుకు చూపించేవి డాబా మీది రేకుల గదులు. ఎండ సంగతి అటుంచండి, మా ఆవిడ ఆ మోకాళ్లతో రోజూ రెండంతస్తులు ఎక్కలేదు.

డబ్బు కన్నా పెద్ద అడ్డంకి మా వయసు. రాజేంద్రనగర్‌లో ఒక ఇల్లు ఖాయమైందనుకున్నాం. ఇంటావిడ మా ఆవిడను పక్కకు పిలిచి, ఎంతో మర్యాదగానే, "పెద్దాయనకు షుగరు, బీపీ ఏమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగింది. ఉన్నాయని చెప్పింది. సాయంత్రానికల్లా ఫోను: "మా చుట్టాలే దిగుతున్నారండీ." ఆ చుట్టాలు ఇంతవరకు దిగలేదు, బోర్డూ దిగలేదు.

ఆమెను తప్పుపట్టను. ధనిష్ఠా పంచకంలో, అంటే చావుకు మంచివి కావనే ఐదు నక్షత్రాల రోజుల్లో, ఎవరైనా పోతే ఇల్లు నెలల తరబడి పాడుపెట్టాలని నమ్ముతారు. ఆ నెలల అద్దె ఎవరిస్తారు? అందుకే ఆసుపత్రిలో పోయినవారి శవాన్ని కూడా అద్దె ఇంటి గడప తొక్కనివ్వరు. రోడ్డు పక్కన టెంటు వేసి, అక్కడే పడుకోబెట్టి ఏడ్చినవాళ్లను చూశాను.

జిల్లాకొక వృద్ధాశ్రమం, అందులో 150 మంది నిరుపేదలకు చోటు ఉండాలని 2007 నాటి చట్టం చెబుతోంది. మంచిదే. అద్దె కట్టుకోగల మేము అక్కడికెందుకు పోవాలి? 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదంది. అడ్వాన్సు దాకా వస్తే కదా!

మన నగరపాలక సంస్థను కోరేది ఒక్కటే. వైకుంఠధామం (శ్మశానవాటిక) పక్కన నాలుగు గదులు, నీళ్లు, వంటకు చోటు ఉన్న భవనం కట్టించండి. అద్దె ఇళ్లవాళ్లు శవాన్ని నేరుగా అక్కడికే తెచ్చుకుని, పెద్దకర్మ అయ్యేదాకా నామమాత్రపు రుసుముతో ఉంటారు. ఆ మాట అద్దె ఒప్పందంలోనే రాసి సంతకం పెడతాం. యజమానుల భయం సగం తీరుతుంది.

పేరుతో అచ్చయితే ఇక ఊళ్లో ఎవరూ ఇల్లివ్వరని మా ఆవిడ అంటోంది. దయచేసి పేరు వేయకండి.

— ఒక విశ్రాంత కండక్టర్, మహబూబ్‌నగర్