అనంతగిరిలో వెన్నెల నడకలకు అనుమతి ఇవ్వండి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పౌర్ణమి రాత్రుల్లో, మీ శాఖ ఆధ్వర్యంలో, స్థానిక గైడ్ల వెంట ప్రకృతి నడకలు ప్రారంభించాలని ఈ లేఖ ద్వారా కోరుతున్నాను. మూసీ పుట్టిన ఈ కొండలకు హైదరాబాద్ నుంచి వారాంతాల్లో జనం ఎలాగూ వస్తున్నారు. వారిలో కొందరు చీకటి పడ్డాక రోడ్డు పక్కన కార్లు ఆపి, పెద్ద శబ్దంతో పాటలు పెట్టుకుని, చలిమంటలు వేసి వెళ్లిపోతున్నారు. అడవిని చూడాలని వచ్చినవారికి దాన్ని చూపించేవారు లేకపోవడమే ఇందుకు ముఖ్య కారణమని నా నమ్మకం.

పౌర్ణమినాడు సూర్యుడు అస్తమించే వేళకే చంద్రుడు ఉదయిస్తాడు కాబట్టి, మామూలు పల్లె మనిషి నిద్రపోయే వేళలోపే నడక ముగించి వెనక్కి రావచ్చు. టార్చి ఆర్పి ఇరవై, ముప్పై నిమిషాలు ఓపిక పడితే కళ్లు ఆ వెలుగుకు అలవాటుపడి, కాలిబాట మీది రాళ్లు, చెట్ల వేర్లు వాటంతటవే తెలుస్తాయి. మధ్యలో ఎవరైనా సెల్‌ఫోన్ వెలిగిస్తే ఆ అలవాటు చెడిపోయి అంతా మళ్లీ మొదటికొస్తుంది. అందువల్ల ఎర్ర కాగితం చుట్టిన టార్చి గైడు చేతిలో ఉంటే చాలు, మిగిలినవారి ఫోన్లు సంచుల్లోనే ఉండాలి. ఆ వెలుగులో ఎగిరే పురుగులను చూసి పట్టుకోగలవు కనుక నైట్‌జార్ పక్షులు వెన్నెల రాత్రుల్లో మరింత చురుగ్గా ఉంటాయి. గట్టి నేల మీద వదిలిన చిన్న బంతి ఎగిరెగిరి ఆగినట్టు ఉంటుంది వాటిలో ఒక జాతి కూత. ఎలుకల వంటి చిన్న జంతువులు మాత్రం గుడ్లగూబల భయంతో పొదల నీడ దాటి రావు. ఒకే వెన్నెల ఒక ప్రాణికి వేట, మరొక ప్రాణికి భయం. ఈ సంగతి పక్కన నిలబడి చెప్పే మనిషి ఉన్నప్పుడే ఆ నడకకు విలువ.

మీ అధికారులు మొదట అడిగేది భద్రత గురించేనని నాకు తెలుసు, అది అడగవలసిన ప్రశ్నే. రక్తపింజరి, కట్లపాము ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతాయి. కాబట్టి వర్షాకాలంలో నడకలు వద్దు. కార్తీక పౌర్ణమికి అనంత పద్మనాభస్వామి జాతర రద్దీ ఉంటుంది, ఆ రాత్రీ వద్దు. ఫాల్గుణం వచ్చేసరికి ఎండుటాకులు పేరుకుని నిప్పు భయం పెరుగుతుంది. 2018 మార్చిలో తమిళనాడులోని కురంగణి కొండల్లో కార్చిచ్చుకు ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు బలయ్యారు, దాన్ని ఎవరూ మరవకూడదు. మార్గశిరం, పుష్యం, మాఘం, ఈ మూడు పౌర్ణములు చాలు. బృందానికి పదిహేను మందికి మించకుండా, చీలమండలు కప్పే బూట్లు తప్పనిసరి చేసి, పాము కాటుకు విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లే వాహనాన్ని సిద్ధంగా ఉంచాలి.

అంత విషాదం తర్వాత కూడా తమిళనాడు నడకలను శాశ్వతంగా మూసేయలేదు. నియమాలు పెట్టి, 2024లో 40 బాటలతో ‘ట్రెక్ తమిళనాడు’ పథకం తెచ్చి, స్థానిక గిరిజన యువతకు గైడ్లుగా పని ఇచ్చింది. మహారాష్ట్ర అటవీ శాఖ బుద్ధ పౌర్ణమి రాత్రి మంచెల మీద కూర్చుని నీటి గుంటల దగ్గర జంతువులను లెక్కించే పనిలో పౌరులకూ చోటిస్తోంది. మనకూ ఇది కొత్త కాదు, నల్లమల సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికే జరుగుతుంది. అయితే అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం కనుక అక్కడ రాత్రి నడకలు నేను కోరడం లేదు, ఎవరూ కోరకూడదు కూడా. పులుల అడవిలో రాత్రి పులులదే.

అనంతగిరి చుట్టుపక్కల ఊళ్లలో పశువులు కాసి పెరిగినవారికి ప్రతి వాగూ, ప్రతి మలుపూ తెలుసు. పక్షులు, పాములు, ప్రథమ చికిత్స గురించి వారికి కొంత శిక్షణ ఇచ్చి, రుసుములో సగమైనా అడవిని కాపాడే గ్రామస్థుల సంఘాలైన వన సంరక్షణ సమితుల ద్వారా వారికి చేరేలా చూడాలి. టికెట్లు ఆన్‌లైన్‌లోనే ఇచ్చి, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ప్రతి బృందంలో కొన్ని చోట్లు ఉచితంగా కేటాయించాలి.

రాబోయే మార్గశిర పౌర్ణమికి ప్రయోగాత్మకంగా ఒక్క బాటలో, ఒక్క బృందంతో మొదలుపెట్టేలా జిల్లా అటవీ అధికారికి ఆదేశాలు ఇవ్వవలసిందిగా వినయపూర్వకంగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు
అనంతగిరి అడవిని ప్రేమించే ఒక పౌరుడు