ఒసియన్ సరస్సుకు దారి

ప్రియమైన మిత్రమా,

స్కాట్లాండ్ వస్తే మొదట ఏ కొండ ఎక్కాలని అడిగావు కదా, నా జవాబు ఒసియన్ సరస్సు పక్కనున్న బెన్ నా లాప్. అక్కడికి ప్రజలు వాడుకునే కారు రోడ్డు లేదు. గ్లాస్గోలో వెస్ట్ హైలాండ్ రైలెక్కి, 408 మీటర్ల ఎత్తున నిర్జనమైన మైదానం నడుమ ఉన్న కొరౌర్ స్టేషన్‌లో దిగి, కాస్త నడిస్తే సరస్సు పడమటి కొన వస్తుంది. నీటి అంచున ఉన్న చిన్న యూత్ హాస్టల్ ఒకప్పుడు ఎస్టేటు అతిథులు స్టీమరు కోసం ఎదురుచూసే గది.

బెన్ నా లాప్ ఎత్తు 935 మీటర్లు, అంటే 3000 అడుగులు దాటిన కొండలకు ఇక్కడివాళ్లు పెట్టిన పేరు ప్రకారం అదొక మన్రో. ఎత్తు చూసి తేలిక అనుకోవద్దు. కింది వాలంతా పీట్ నేల, అంటే సగం కుళ్లిన నాచూ మొక్కలూ పేరుకున్న తడి నేల; అడుగు వేస్తే నాచు కుంగి, బూటు చుట్టూ డికాషన్ రంగు నీళ్లు ఊరుతాయి. పైకి వెళ్లేకొద్దీ నేల గట్టిపడి, శిఖరం దగ్గర రాళ్ల మధ్య చిన్న కుంట ఒకటి కనిపిస్తుంది.

అడుగడుగునా అటవీశాఖ అనుమతికి అలవాటుపడిన నీకు ఆశ్చర్యం కలిగించేది ఇక్కడి చట్టం. కొండలన్నీ దాదాపు ప్రైవేటు ఎస్టేట్లవే అయినా, ఎవరినీ అడగకుండా నడిచే హక్కు, గుడారం వేసుకునే హక్కు కూడా 2003 నాటి భూసంస్కరణ చట్టం ఇచ్చింది. జేమ్స్ బ్రైస్ అనే ఎంపీ ఇలాంటి బిల్లును పార్లమెంటులో పెట్టింది 1884లో! అంతకాలం పట్టిన హక్కు కనుకనే దాన్ని జాగ్రత్తగా వాడుకోవాలని నాకు గట్టి పట్టుదల. ఇళ్ల ఆవరణలకూ పంట చేలకూ ఆ హక్కు వర్తించదు, మోటారు వాహనాలకు అసలే లేదు. తోడేళ్లు లేని ఈ కొండల్లో జింకలు మితిమీరి పెరుగుతాయి కాబట్టి శరదృతువులో ఎస్టేటువాళ్లు వాటిని వేటాడతారు. ఆ రోజుల్లో ఏ వాలు మీదికి వెళ్లకూడదో ముందే కనుక్కుని, వాళ్ల సూచనను పాటించడం మన బాధ్యత. పీట్ నేల మీద నిప్పు రాజేసేవాళ్లను మాత్రం నేను క్షమించలేను, ఆ నిప్పు భూమి లోపల రోజుల తరబడి రగులుతూనే ఉంటుంది.

మే నెలలో రా, అప్పటికి పొద్దు చాలాసేపు ఉంటుంది, కుట్టే చిన్న దోమలు ఇంకా ముసరవు. రైళ్లు రోజుకు కొన్నే, హాస్టల్లో పడకలూ కొన్నే కాబట్టి తేదీలు త్వరగా రాయి.

నీ మిత్రుడు