సైలెన్సర్‌కూ కార్బొరేటర్‌కూ తేడా లేదా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో మార్పులు చేసిన బైకులపై కొరడా అంటూ వచ్చిన వార్త చదివాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు.

సైలెన్సర్ పీకేసి గడియారం సెంటర్ దద్దరిల్లేలా తిరిగే పోరగాళ్లను పట్టుకోండి, ఎవరొద్దన్నారు? కానీ అదే వార్తలో, పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బొరేటర్‌ను బాగుచేసే మెకానిక్‌లనూ ఆ గాటనే కట్టేశారు. రాసిన విలేకరి ఒక్కసారైనా కార్బొరేటర్ విప్పగా చూశారా?

జెట్టు అంటే కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రమున్న ముక్క. ఎక్సలేటర్ కొంచెం తిప్పితే పెట్రోలు ఇచ్చేది స్లో జెట్టు. పావు నుంచి ముప్పావు దాకా సూది పని. ఆపైన మెయిన్ జెట్టు. మధ్యలో బండి గుంజి గుంజి వదులుతుంటే మెకానిక్ సూదికున్న చిన్న క్లిప్పును ఒక గాడి కిందికి దించుతాడు. సూది అంతమేర పైకి లేచి పెట్రోలు కాస్త ఎక్కువ పడుతుంది, బండి సాఫీగా లాగుతుంది. ఆ గాడులు కంపెనీ పెట్టినవే, మావాడు ఆకురాయితో గీసినవి కావు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో మార్పు అంటే వాహన నిర్మాణం మారి, దాని మౌలిక స్వరూపం మారడం. క్లిప్పు జరిపితే ఏ స్వరూపం మారింది సార్?

అసలు ఈ అవసరం తెచ్చిపెట్టిందెవరు? బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పోస్తున్నారు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్టుతో పెట్రోలు పాళ్లు తగ్గి ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంది. పాత రబ్బరు వాషర్లు ఉబ్బే బాధ వేరే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక అమ్మిన, కార్బొరేటర్ లేని ఇంజెక్షన్ బండ్లకు పెట్రోలు పాళ్లు చూసుకునే సెన్సర్ ఉంది, చాలావరకు సర్దుకుంటాయి. మా పాత బండికి సెన్సర్ మెకానిక్ చెవే. పెట్రోలు మార్చేటప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు, జెట్టు మార్చుకుంటే మాత్రం నేరమా?

జెట్టుకు డ్రిల్లు పెట్టి నల్లపొగ చిమ్మించేవాళ్లు లేరనను. అది పొగ కొలిచి తేల్చండి. కొలిచే తీరు మాత్రం అడగొద్దు. సైలెన్సర్‌లో గొట్టం పెట్టకుండా నంబరు ప్లేటుకు ఫొటో తీసి పొల్యూషన్ కాగితం చేతిలో పెట్టే చోట్లు అందరికీ తెలుసు, అధికారులకు తప్ప. నంబరే లేని ఇసుక ట్రాక్టర్లు వాళ్ల ముందు నుంచే పోతాయి. వాటి మీద వార్త ఎప్పుడు వేస్తారో!

మా వీధి మెకానిక్ ఆ వార్త చూసినప్పటి నుంచి పాత బండి ముట్టనంటున్నాడు. ఏది నేరమో, ఏది రిపేరో వేరు చేసి ఒక సవరణ వేయండి. ఆ పేపరు ముక్క తీసుకెళ్లి అతనికి చూపిస్తాను.

- ఒక పాత బండి యజమాని, రామగిరి, నల్గొండ