ముందు ఆ చాపల వీడియో తియ్యరా

కాశీబుగ్గ,
ఆదివారం రాత్రి

ఒరే పైడిరాజూ,

ఎలా ఉన్నావు? పిన్ని మోకాళ్ల నొప్పి ఏమైనా తగ్గిందా? చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు. మొన్న నువ్వు ఫోన్ చేసి, మామిడి తాండ్ర ఆన్‌లైన్‌లో అమ్ముదామనుకుంటున్నాను, ఎక్కడ మొదలెట్టాలి అని అడిగావు. దుకాణంలో బేరాల మధ్య సరిగా చెప్పలేకపోయాను. ఇలాంటివి ఫోన్లో చెబితే సగం గాలికి పోతాయి. రాసిపెడితే చెల్లెమ్మ కూడా చదువుకుంటుంది, ఎలాగూ సగం పని తనే చూడాలి కదా.

అన్నిటికంటే ముందు ఒక తొందర పని. ఎండలు ముదిరాయి. భీమాలిలో మీ మావగారి వాళ్లు ఈపాటికి చాపలు పరిచే ఉంటారు. వీలు చూసుకుని ఈ వారంలోనే వెళ్లి ఫోన్‌తో వీడియోలు తీసుకో. పళ్లు పిండి రసం తియ్యడం, వడకట్టడం, తీపి కలపడం, చాప మీద పల్చగా పొయ్యడం, అది ఎండాక దాని మీద మరో పొర పొయ్యడం, అన్నీ తియ్యి. చివర్లో మందం తేలిన తాండ్రని కత్తితో కోస్తే పక్కనుంచి పొరలు పొరలుగా కనిపిస్తుంది చూడు, అది మాత్రం బాగా దగ్గర నుంచి తియ్యి. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీస్తే ఆ రంగు కళ్లకి కడుతుంది. ఫోన్ నిలువుగా పట్టుకో. తాండ్ర ఏడాది పొడుగునా అమ్ముతావు గానీ అది తయారవడం చూపించాలంటే ఈ కొద్ది వారాలే. వానలు పడితే మళ్లీ వచ్చే వేసవి దాకా ఆగాలి.

ఇక అసలు సంగతి. నా జీడిపప్పు దుకాణానికి వచ్చినవాడు ఏం చేస్తాడు? డబ్బాలోంచి ఒక పప్పు తీసి కొరుకుతాడు. మెత్తబడిందా, కరకరలాడుతోందా అని ఆ ఒక్క కొరుకుతోనే తెలిసిపోతుంది. గుండుదీ బద్దదీ ధర అడుగుతాడు, డ్రమ్ములో కాల్చిందా, ఆవిరి మీద ఉడికించిందా అని అడుగుతాడు. నా మొహం చూస్తాడు. బాగోకపోతే రేపు తెచ్చిచ్చేస్తానని నవ్వుతూనే హెచ్చరించి వెళ్తాడు. రుచి, ప్రశ్న, మనిషి, తిరిగిచ్చే ధైర్యం. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని ఫోన్‌లో చూసేవాడికి ఈ నాలుగూ లేవు. ఆన్‌లైన్‌లో నువ్వు పెట్టే ప్రతి రూపాయీ, ప్రతి గంటా ఈ నాలుగింటిలో ఏదో ఒకటి వాడి చేతికి అందించాలి. అందించనిది ఎంత అందంగా ఉన్నా మనకి అక్కర్లేదు. ఏ పని చెయ్యాలో, ఏది మానాలో నేను దీన్ని బట్టే తేల్చుకుంటాను.

మా జీడిపప్పు సంగతే చూడు. డబ్ల్యూ 320 అని రాస్తే బయటివాళ్లకి ఏం అర్థమవుతుంది? ఒక పౌనుకి, అంటే 454 గ్రాములకి, దాదాపు 320 పప్పులు తూగుతాయని. 240 అయితే పప్పు ఇంకా పెద్దది, ధరా ఎక్కువే. నేను ఈ రెండూ పక్కపక్కన అరచేతిలో పెట్టుకుని ఫొటో తీసి, కింద ఇదే మాట రాశాను. డబ్బులు పెట్టిన ప్రకటనల కంటే ఆ ఒక్క ఫొటో ఎక్కువ బేరం తెచ్చింది. పాయసంలోకి అని ఎవరైనా చెబితే, దానికి బద్ద చాలండీ, గుండు ఎందుకు అని నేనే చెబుతాను. ఆ పూట నాలుగు డబ్బులు తగ్గుతాయి గానీ, అలాంటివాళ్లే మళ్లీ వచ్చి పెళ్లి సరుకు ఆర్డర్ ఇస్తారు.

తాండ్ర కొనేవాడి అనుమానాలేమిటో చెల్లెమ్మా నువ్వూ కూర్చుని రాయండి. బెల్లమా, పంచదారా? ఏ మామిడి? రంగు కలిపారా? ఎంత పాతది? ఎన్నాళ్లు నిలవుంటుంది? ఆరుబయట ఎండబెడతారు కదా, దుమ్మూ ఈగలూ పడవా? ఈ చివరిది అందరి మనసులోనూ ఉంటుంది, పైకి అడిగేవాళ్లు తక్కువ. అడగక ముందే చెప్పాలి. మీ వాళ్లు దోమతెర కప్పితే కప్పిన వీడియో పెట్టు. కప్పకపోతే ఈ ఏడాదే కప్పించు, ఆ తర్వాతే వీడియో తియ్యి. లేనిది ఉన్నట్టు మాత్రం చూపించొద్దు. తినే వస్తువు విషయంలో ఒక్కసారి మాట పోతే మళ్లీ రాదు.

పని మొదలెట్టడానికి వెబ్‌సైట్ అక్కర్లేదు. కొత్త సిమ్ ఒకటి తీసుకుని దాని మీద వాట్సాప్ బిజినెస్, అదే దుకాణాల కోసం ఉండే వాట్సాప్, పెట్టు, ఉచితమే. అందులో కేటలాగ్ అని సరుకుల పట్టిక ఉంటుంది, దానిలో మూడే మూడు రకాలు: పావు కిలో, అర కిలో, కిలో. ప్రతిదానికీ ధర రాయి. 'ధర కోసం మెసేజ్ చెయ్యండి' అని పెడితే పదిమందిలో ఎనిమిది మంది అక్కడి నుంచే వెళ్లిపోతారని నా నమ్మకం. తరచూ వచ్చే ప్రశ్నలకి జవాబులు క్విక్ రిప్లైలలో ముందే పెట్టుకోవచ్చు. ఒక్కో ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టుకోవడానికి లేబుళ్లు కూడా ఉంటాయి: డబ్బు రావాలి, పార్శిల్ కట్టాలి, చేరింది అని. రాత్రి పడుకునే ముందు లేబుళ్లు ఒకసారి తిరగేస్తే ఎవరి సంగతీ మర్చిపోవు.

ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు గురించి ఒకటి తెలుసుకో. ఒక లిస్టులో 256 మందికే పంపగలవు, అదీ నీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే అందుతుంది. అందుకని ప్రతి పార్శిల్‌లోనూ చిన్న కార్డు పెట్టి, ఈ నంబరు సేవ్ చేసుకుంటే కొత్త సరుకు వచ్చినప్పుడు చెబుతామని రాయి. అడక్కుండా జనాన్ని గ్రూపుల్లోకి లాగొద్దు. చిరాకు పడి రిపోర్ట్ కొడతారు, అలాంటివి ఎక్కువైతే నంబరుకే ఎసరు. రోజూ శుభోదయాలు కూడా వద్దు. సరుకు వచ్చినప్పుడూ, పండగల ముందూ పంపితే చాలు.

మొదటి కొనుగోలుదార్లు ఎవరంటావా? ముక్కూమొహం తెలియనివాళ్ల వెంట పడొద్దు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు లేని ఊరు ఉందట్రా? హైదరాబాద్‌లో ఉన్నారు, చెన్నైలో ఉన్నారు, ఆర్మీలో ఉన్నారు. సంక్రాంతికి వచ్చి వెళ్లేటప్పుడు సంచులు నింపుకుని వెళ్తారు, రెండు నెలలకి అవి ఖాళీ. ఆ తర్వాత వాళ్లకి తాండ్ర ఎవరు పంపుతారు? నువ్వే. దసరా వెళ్లిన మంగళవారం మీ విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానుకి జనం ఎలా వస్తారో నీకు చెప్పక్కర్లేదు, నీ దుకాణం ఉన్నదే మూడు లాంతర్ల దగ్గర. ఆ వారం అమ్మే ప్రతి ప్యాకెట్ మీదా వాట్సాప్ క్యూఆర్ అతికించు. ఇంటికెళ్లి తిన్నవాడు ప్యాకెట్ తిరగేసి చూసేసరికి నువ్వు కనపడాలి.

గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం పెట్టడం కూడా ఉచితమే. బోర్డు, లోపలి సరుకు, నువ్వు, అన్నీ కనపడేలా వీడియో తీసి పంపమని అడిగే అవకాశం ఉంది. తెరిచే వేళలు నిజమైనవి రాయి. మధ్యాహ్నం భోజనానికి మూసేస్తే ఆ మాటా రాయి. బాగుందన్న ప్రతివాళ్లనీ రివ్యూ రాయమని నోరు తెరిచి అడుగు, మొహమాటపడకు. అయితే రివ్యూ రాస్తే డిస్కౌంట్ అనడం గూగుల్ నియమాలకి విరుద్ధం. ఎవరైనా తిడుతూ రాస్తే వాదించకు. ఏం జరిగిందో కనుక్కుని, ఏం చేశావో అక్కడే మర్యాదగా రాయి. తర్వాత వచ్చేవాళ్లు ఆ తిట్టు కంటే నీ జవాబే శ్రద్ధగా చదువుతారు.

ఇన్‌స్టాగ్రామ్‌లో నువ్వు తీసిన వీడియోలని చిన్న ముక్కలు చేసి వారానికి ఒకటీ రెండూ వదులు. సినిమా పాటలు అతికించాలని చూడకు. బిజినెస్ ఖాతాకి చాలా పాటలు దొరకవు, దొరికినా అందరి వీడియోలూ ఒకేలా ఉంటాయి. మీ అత్తగారు రసం పోస్తూ మాట్లాడే మాటలు చాలు, మన యాస వినగానే మనవాళ్ల వేలు అక్కడ ఆగుతుంది. ఫాలోయర్లని అమ్ముతామని మెసేజ్‌లు వస్తాయి, వాటి జోలికి పోవద్దు. ప్రకటనల విషయం కూడా అంతే, ఇప్పుడే వద్దు. చుట్టాలూ స్నేహితులూ కానివాళ్లు రెండోసారి కొనడం మొదలయ్యాక, హైదరాబాద్ ఒక్కదానికే, వాట్సాప్‌కి నేరుగా వచ్చే ప్రకటన కొంచెం డబ్బుతో పెట్టి చూడు. ఎంత పెట్టావు, ఎన్ని ఆర్డర్లొచ్చాయి, ఆర్డర్‌కి ఎంత పడింది నోటుబుక్కులో రాయి. లైకులు లెక్కలోకి తీసుకోకు.

లాభమంతా పార్శిల్ దగ్గరే నిలిచేదీ పోయేదీ. చాలా కొరియర్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. ఆ వచ్చినదీ అసలు బరువూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. అన్ని వైపులా 30 సెంటీమీటర్లున్న పెట్టెలో కిలో తాండ్ర పెట్టావనుకో, 5.4 కిలోలకి కట్టాలి. అదే 25, 20, 10 సెంటీమీటర్ల పెట్టె అయితే సరిగ్గా కిలోకే. కాబట్టి తాండ్ర ముక్కలు పెట్టెకి తగ్గట్టు కోయించు. ముక్క ముక్కకీ మధ్య బటర్ పేపర్, పైన గాలి చొరబడని కవరు, ఆ పైన అట్టపెట్టె. వానాకాలం చెమ్మ తగిలితే బూజు పడుతుంది, జాగ్రత్త. మన రాష్ట్రంలో బస్టాండ్ నుంచి తెచ్చుకోగలిగే వాళ్లకి ఆర్టీసీ కార్గో, మారుమూల ఊళ్లకి స్పీడ్ పోస్టు. అమ్మే ముందు ఒక పెట్టె నాకు పంపు, ఎలా చేరిందో ఫొటో తీసి పెడతాను.

పెట్టె, కవరు, కొరియర్, పాడైతే మళ్లీ పంపే ఖర్చు కూడా వేసుకున్నాకే ధర కట్టు. పాడైందని ఫొటో పంపితే మారుమాట్లాడకుండా ఇంకో ప్యాకెట్ పంపు. తిరిగిచ్చే ధైర్యం అన్నానే, అది ఇదే. క్యాష్ ఆన్ డెలివరీ మొదట్లో వద్దు. గుమ్మం దగ్గర వద్దంటే రానూపోనూ ఖర్చు నీదే, ఈలోగా తాండ్ర ఎండలో నలుగుతుంది. నమ్మకం కుదరనివాళ్లని పావు కిలో తెప్పించుకోమను.

కాగితాల సంగతి బద్ధకించకు. తినే వస్తువు కాబట్టి ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే నంబరు ఉండాలి, 14 అంకెలది, ప్యాకెట్ మీద అచ్చు వెయ్యాలి. దానితో పాటు మీ పేరు, చిరునామా, ఏమేం కలిపారో, నికర బరువు, ప్యాక్ చేసిన తేదీ, ఎప్పటిలోగా తినాలో, పన్నులన్నీ కలిపి ఎంఆర్‌పీ, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, శాకాహారమని ఆకుపచ్చ గుర్తు. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఉచితంగా అయిపోతుంది, దానికి ఎవరికీ డబ్బివ్వకు. జీఎస్టీ దగ్గర మాత్రం చాలామంది పొరబడుతున్నారు. సరుకు అమ్మేవాళ్లకి ఏడాది అమ్మకం 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట సొంత రాష్ట్రంలో అమ్మకాలకి. పన్ను పడే సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే మొదటి ప్యాకెట్ నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. 2014 నుంచి హైదరాబాద్ మనకి వేరే రాష్ట్రమే కదా. ముందు ఆడిటర్ గారితో కూర్చుని అది తేల్చుకున్నాకే హైదరాబాద్ పార్శిల్ కట్టు.

డబ్బు యూపీఐలో తీసుకో, దుకాణం క్యూఆర్‌తో వస్తే నీకు ఛార్జీ పడదు. స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపకు, నీ ఖాతాలో పడిందో లేదో చూసి పంపు. ఇక్కడ మా వీధిలో ఒకాయనకి మిలిటరీ క్యాంటీన్ నుంచి అంటూ ఫోనొచ్చింది. పెద్ద ఆర్డరు, బేరమే ఆడలేదు. అడ్వాన్స్ పంపుతాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండన్నారు. కొట్టాడు, ఖాతాలో డబ్బు పోయింది. మనకి డబ్బు రావాలంటే పిన్‌తో పనే లేదురా. ఈ మాట చెల్లెమ్మకీ, దుకాణంలో కుర్రాడికీ కూడా చెప్పి ఉంచు. ఎప్పుడైనా అలా జరిగితే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

వీడియోలు తీశాక ఎడిటింగ్ అంటూ కూర్చోకుండా ఉన్నవి ఉన్నట్టు నాకు పంపు, ఏవి ఏ వరుసలో పెట్టాలో మా పెద్దమ్మాయి చూస్తుంది, తనకి అలవాటే. అర కిలో ప్యాకెట్లు ఒక ఇరవై పలాస కార్గో కౌంటర్‌కి పంపితే నా కౌంటర్ మీద పెడతాను. రైలు దిగి జీడిపప్పుకి వచ్చేవాళ్లు ఏది ఇష్టపడుతున్నారో, ఏమని అడుగుతున్నారో రాసిపెట్టి నీకు చెబుతాను. ప్యాకెట్ లేబుల్ అచ్చుకి ఇచ్చే ముందు మాత్రం ఒకసారి నాకు చూపించు.

ఉంటాను మరి. పిన్నికి నమస్కారాలు.

నీ
రమణ